రక్తంలో ఎన్‌కే కణాలు ఎక్కువ అన్నారు, డ్రిప్ పెట్టించుకోవాలా?

వైట్‌ఫీల్డ్_వంటిల్లు:
నమస్తే అండి. మాది ఒంగోలు, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాం. ఇంతకుముందు గర్భం వచ్చినా మూడో నెల దాటకుండానే పోయింది. అది ఒక్కసారితో ఆగలేదు. ఇప్పుడు మళ్ళీ ప్లాన్ చేసుకుంటూ ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్ళాం. రక్తం తీసి టెస్ట్ చేసి, "మీ ఒంట్లో ఎన్‌కే కణాలు, అంటే నేచురల్ కిల్లర్ అనే తెల్లకణాలు ఎక్కువున్నాయి, అవే పిండాన్ని చంపేస్తున్నాయి, ఇమ్యూనిటీ తగ్గించాలి" అన్నారు. పాలలా తెల్లగా ఉండే డ్రిప్ ఒకటి ఎక్కిస్తారట. అది పని చేయకపోతే మా ఆయన రక్తంలోంచి కణాలు తీసి నాకు ఇస్తారట. ప్యాకేజీ రేటు చెప్పగానే మా ఆయన మొహం మాడిపోయింది. అత్తగారేమో "డబ్బు పోతే పోయింది, పెట్టించుకో" అంటున్నారు. తల్లి ఒంట్లో ఉన్న కణాలే బిడ్డని చంపుతాయా? రాత్రంతా ఇదే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎక్సెల్_షీటు:
అండీ, నాకు వైద్యం తెలియదు గానీ లాజిక్ అయితే సరిగ్గానే ఉంది. బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి. మా బాబాయికి కిడ్నీ మార్పిడి జరిగింది, సొంత అన్నయ్య కిడ్నీయే పెట్టినా జీవితాంతం ఇమ్యూనిటీ తగ్గించే మాత్రలు మింగుతున్నారు. మరి సగం పరాయి జన్యువులున్న బిడ్డని తల్లి శరీరం తొమ్మిది నెలలు ఎందుకు ఊరుకోవాలి? ఇమ్యూనిటీ తగ్గిస్తే నిలబడుతుంది అనడంలో తప్పేముంది?

కడప_కోడలు:
వంటిల్లు అక్కా, ముందు నిద్రపోండి. మా తోడికోడలికీ ఇలాగే జరిగి, ఏ డ్రిప్పూ లేకుండానే ఇప్పుడు బాబు. డబ్బు కట్టేముందు వేరే డాక్టరుకి ఒకసారి చూపించండి.

ల్యాబ్_కోటు:
బెంగళూరులోనే జీకేవీకే వైపు ఒక ల్యాబ్‌లో ఇమ్యునాలజీ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. డాక్టర్ని కాను, కాబట్టి మందుల మాట నేను చెప్పను. కానీ ఎక్సెల్ షీటు గారి ప్రశ్న ఉంది చూశారూ, అది పీటర్ మెడావర్ 1953లో అడిగిన ప్రశ్నే. చర్మం అతికిస్తే శరీరం ఎందుకు తిరస్కరిస్తుందో తేల్చిన శాస్త్రవేత్త ఆయన, 1960లో నోబెల్ అందుకున్నారు. ఆయన మూడు ఊహలు చేశారు. తల్లికీ బిడ్డకీ మధ్య గట్టి అడ్డుగోడ ఉండాలి. లేదా బిడ్డ కణాల మీద పరాయివని పట్టిచ్చే గుర్తులు ఇంకా ఏర్పడి ఉండకూడదు. లేదా తల్లి ఇమ్యూనిటీ ఆ కాలంలో నిద్రపోతూ ఉండాలి.

మూడూ పూర్తిగా నిలబడలేదు. బిడ్డ కణాల మీద గుర్తులు ఉంటాయి. తల్లి ఇమ్యూనిటీ నిద్రపోతే గర్భిణులు జలుబుకే పోవాలి. ఇక గోడ సంగతి చూస్తే, మావి నుంచి బయల్దేరిన బిడ్డ తరఫు కణాలు గర్భాశయం లోపలి పొరలోకి చొరబడి, తల్లి రక్తనాళాల దాకా వెళ్తాయి. అక్కడ వాటికి ఎదురయ్యేది ఎవరో తెలుసా? మొదటి మూడు నెలల్లో ఆ పొరలో ఉండే తెల్లకణాల్లో దాదాపు 70 శాతం ఎన్‌కే కణాలే!

అవి పిండాన్ని చంపేవే అయితే మనలో ఎవరమూ పుట్టేవాళ్ళం కాదు. పైగా అవి బిడ్డ వచ్చాక పోగయ్యేవి కూడా కాదు. ప్రతి నెలా అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది, గర్భాశయ పొరలోని కణాలు ఐఎల్-15 అనే సంకేతం విడుదల చేస్తాయి, ఎన్‌కే కణాలు పెరుగుతాయి. అంటే గర్భం రాకముందే అక్కడ సిద్ధంగా ఉంటాయి.

ఎక్సెల్_షీటు:
సరే, చంపవు. మరి అక్కడ కూర్చుని ఏం చేస్తాయి? జీతం దేనికి?

ల్యాబ్_కోటు:
నీళ్ళ పని చేస్తాయి బ్రో. అంటే రక్తం సరఫరా.

గర్భాశయంలో స్ప్రింగులా మెలికలు తిరిగిన సన్నని ధమనులు ఉంటాయి. మామూలు రోజుల్లో వాటి చుట్టూ కండర పొర ఉండి, అవసరాన్ని బట్టి బిగుసుకుంటాయి. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం కావాలి. ఆ సన్న గొట్టాలతో అది కుదరదు. అందుకని మొదటి సగంలోనే వాటిని బాగు చేయాలి. కండర పొర కరిగిపోవాలి, చివర గరాటులా వెడల్పవ్వాలి, తల్లికి భయం వేసినా చలి వేసినా బిగుసుకోకుండా ఉండాలి. పంట కాలువని తూము దగ్గర వెడల్పు చేసినట్టు. ఈ పని మొదలుపెట్టేది తల్లి ఎన్‌కే కణాలు, పూర్తి చేసేది బిడ్డ తరఫు ట్రోఫోబ్లాస్ట్ కణాలు. ఎన్‌కే కణాలు లేకుండా చేసిన ఎలుకల్లో ఈ ధమనులు మారలేదు. ఎన్‌కే కణాలు వదిలే గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతం ఇవ్వగానే మారడం మొదలైంది. 2000 ప్రాంతంలో జరిగిన పని అది.

రక్తంలో తిరిగే ఎన్‌కే కణాలు వేరే రకం. వాటిలో 90 శాతం దాకా సీడీ16 అనే గుర్తు ఉన్న, చంపడంలో ఆరితేరినవి. గర్భాశయంలోవి ఆ గుర్తు దాదాపు లేనివి, సంకేతాలు పంపడంలో దిట్టలు. రక్తం తీసి లెక్కపెట్టి గర్భాశయంలో ఏం జరుగుతోందో చెప్పలేం. లింఫోసైట్లలో 5 నుంచి 15 శాతం దాకా ఎన్‌కే కణాలు ఉండటం మామూలే. గాభరాపడినా, మెట్లెక్కి వచ్చి వెంటనే రక్తం ఇచ్చినా ఆ అంకె పెరుగుతుంది.

కోలారు_తాత:
మాది కోలారు దగ్గర. మా ఇంట్లో నాలుగు తరాలుగా తెలుగే, బయట కన్నడ. ఈ చర్చ నా మనవరాలు చూపించింది. ఆ రక్తం సరఫరా సరిగ్గా కాకపోతే ఏమవుతుంది నాయనా? మా అక్కయ్యకు తొలిచూలులో కాళ్ళు, మొహం వాచి, ఫిట్స్ వచ్చి పోయింది. గుర్రపువాతం అన్నారు. ఆ రోజుల్లో బండి కట్టుకుని వెళ్ళేసరికి ఆలస్యమైంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ల్యాబ్_కోటు:
ఉంది తాతగారూ. ఆ జబ్బు మూలం ఇక్కడే ఉందని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. ధమనులు సరిగా వెడల్పు కాకపోతే మావికి రక్తం సన్నటి ధారగా, బలంగా కొడుతూ వస్తుంది. మావి దెబ్బతిని ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే పదార్థాన్ని తల్లి రక్తంలోకి వదులుతుంది. తల్లి రక్తనాళాల లోపలి పొరను కాపాడే సంకేతాలను అది మధ్యలోనే పట్టేసుకుంటుంది. దాంతో బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ముదిరితే ఫిట్స్. మొదటి కాన్పులోనే ఎక్కువగా రావడం కూడా ఇమ్యూనిటీకి సంబంధం ఉందనే అనుమానాన్ని పెంచింది.

ఇప్పుడు ఎక్సెల్ షీటు గారు జాగ్రత్తగా చదవాలి. బిడ్డ తరఫున లోపలికి చొరబడే కణాలు మన కణాల్లో దాదాపు అన్నిటి మీదా ఉండే హెచ్‌ఎల్‌ఏ-ఏ, హెచ్‌ఎల్‌ఏ-బి గుర్తులు చూపించవు. అవయవ మార్పిడిలో గొడవ పెట్టే ముఖ్యమైన గుర్తులు అవి. వాటి బదులు హెచ్‌ఎల్‌ఏ-సి, ఇ, జి చూపిస్తాయి. జి అనేది దాదాపు ఈ కణాలకే ప్రత్యేకం. ఇ, జి రెండూ తల్లి తెల్లకణాలకు "ఆగు" అనే సంకేతం ఇస్తాయి. మిగిలింది సి. అందులో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. తల్లి ఎన్‌కే కణాల మీద దాన్ని చదివే కిర్ అనే గ్రాహకాలు ఉంటాయి. కొన్ని కిర్‌లు కణాన్ని ఆపుతాయి, కొన్ని ఉసిగొల్పుతాయి. ఎవరికి ఏవి ఉంటాయన్నది మనిషి మనిషికీ తేడా.

2004లో కేంబ్రిడ్జ్‌లో యాష్లీ మఫెట్ బృందం గమనించింది ఏమిటంటే, తల్లికి ఆపే కిర్‌లే ఎక్కువగా ఉండి, బిడ్డకు హెచ్‌ఎల్‌ఏ-సిలో సి2 అనే రకం ఉంటే, ప్రీఎక్లాంప్సియా (తాతగారు చెప్పిన జబ్బులో ఫిట్స్ రాకముందు దశ) ముప్పు పెరుగుతుంది. ఉసిగొల్పే కిర్ ఉన్న తల్లుల్లో ఆ ముప్పు తగ్గింది. అంటే ఎన్‌కే కణాల నోరు మరీ నొక్కేస్తేనే ప్రమాదం. కాస్త ఉత్సాహంగా ఉంటే అవి పంపే సంకేతాలతో ట్రోఫోబ్లాస్ట్ కణాలు బాగా లోపలికి వెళ్ళి ధమనులను తెరుస్తాయి.

ఎక్సెల్_షీటు:
ఆగండి ఆగండి. అంటే "ఎన్‌కే ఎక్కువ, తగ్గించాలి" అన్నది తలకిందులా?

ల్యాబ్_కోటు:
పూర్తిగా తలకిందులని అనను. కానీ "ఎక్కువ, తక్కువ" అని కొలిచే వ్యవహారం మాత్రం కాదిది. ఎవరు ఎవరికి ఏ సంకేతం పంపుతున్నారు అన్నది ముఖ్యం. 2018లో మొదటి మూడు నెలల మావి, గర్భాశయ పొరల నుంచి దాదాపు 70 వేల కణాలను ఒక్కొక్కటిగా చదివారు. గర్భాశయ ఎన్‌కే కణాల్లోనే మూడు రకాలు బయటపడ్డాయి. ఏ కణం మీద ఏ గ్రాహకం, దానికి జోడీ సంకేతం ఏ కణంలో అని పట్టిక వేస్తే అది పెద్ద వలలా వచ్చింది. మా ల్యాబ్‌లో ఆ బొమ్మ గోడకి అంటించి ఉంది. నాకు అందులో ఓ మూల మాత్రమే అర్థమవుతుంది, అది వేరే విషయం.

ఇంకొకటి. దాడి చేసే టీ కణాలను అక్కడికి పిలిచే జన్యువులనే గర్భాశయ పొర కణాలు మూసేస్తాయని 2012లో ఎలుకల్లో చూపించారు. పిలుపు వెళ్ళదు కాబట్టి టీ కణాలు పెద్దగా పోగవవు. 1998లోనే ఇంకో బృందం, ఎలుకల మావిలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టే ఐడీఓ ఎంజైమును మందుతో ఆపింది. వేరే రకం తండ్రి వల్ల కలిగిన పిల్లలు పోయాయి, తల్లి రకం తండ్రి పిల్లలు నిలిచాయి. ట్రిప్టోఫాన్ దొరక్కపోతే టీ కణాలు పెరగలేవు మరి. ఇన్ని ఏర్పాట్లుంటే "ఇమ్యూనిటీ తగ్గించాలి" అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పసుపు_మిరియాలు:
అందరూ తగ్గించడం గురించే మాట్లాడుతున్నారు. నేను ఇమ్యూనిటీ పెంచే కషాయం చేసి అమ్ముతాను, గర్భిణులకు కూడా మంచిది. నంబరు కావాలంటే మెసేజ్ చేయండి.

నిర్వాహకుడు:
పసుపు మిరియాలు గారూ, ఇక్కడ అమ్మకాలు వద్దని నిబంధనల్లో ఉంది. గర్భిణులకు డాక్టరు చెప్పని కషాయాలు అసలే వద్దు. చర్చ కొనసాగించండి.

కన్సల్టింగ్_రూమ్:
నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన గైనకాలజిస్టుని. ఈ రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళు నా దగ్గరికీ వస్తారు.

వంటిల్లు గారూ, ఒక్కొక్కటి చెప్తాను. ఆ తెల్ల డ్రిప్ బహుశా ఇంట్రాలిపిడ్ అయి ఉంటుంది. సోయా నూనె, గుడ్డులోని కొవ్వు పదార్థంతో చేస్తారు. నోటితో తినలేని రోగులకు నరం ద్వారా ఆహారంగా ఇవ్వడానికి వచ్చిన మందు అది. పదే పదే గర్భం పోయేవాళ్ళకు దాన్ని సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదని యూరప్ సంతాన వైద్య సంఘం ఈష్రే మార్గదర్శకం చెబుతోంది. భర్త తెల్లకణాలు ఎక్కించే పద్ధతి గురించి ఇంకా గట్టిగా, వాడొద్దు అనే చెబుతుంది. లాభం కనబడలేదు, హాని జరిగే అవకాశం ఉంది. అమెరికాలో 2002లోనే మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అనుమతి ఉన్న పరిశోధనల్లో తప్ప చేయకూడదని ఆపేసింది. ఒకరి కణాలు ఇంకొకరికి ఎక్కించడమంటే రక్తమార్పిడి లాంటిదే. రేపు మీకు నిజంగా రక్తం అవసరమైతే ఆ కణాలకు ఎదురుగా మీ ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) అడ్డం పడొచ్చు.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం పిండం క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. అందులో మీ తప్పూ లేదు, మీ ఎన్‌కే కణాల తప్పూ లేదు.

ఇమ్యూనిటీ వల్లే గర్భం పోయే జబ్బు అసలు లేదా అంటే ఉంది. దానికి టెస్టూ ఉంది, మందూ ఉంది. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే ఒంట్లోని ప్రతిరక్షకాలే రక్తం గడ్డకట్టేలా చేసే జబ్బు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్ అని మూడు రక్తపరీక్షలు. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చేసి నిర్ధారించాలి. నిజమని తేలితే తక్కువ మోతాదు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇస్తాం. ఆ ప్యాకేజీ లిస్టులో ఇవి ఉన్నాయా చూడండి.

మందపాటి_అద్దాలు:
నాకు ఒక డౌట్. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న మా అక్కకి గర్భం వచ్చిన నాలుగో నెల నుంచి కీళ్ళ నొప్పులు మాయం. కాన్పయ్యాక రెట్టింపుతో వచ్చాయి. ఇదీ ఆ సంకేతాల వల్లేనా? అత్తగారు "బిడ్డ అదృష్టం" అంటారు.

కన్సల్టింగ్_రూమ్:
గర్భంలో ఆ జబ్బు శాంతించడం చాలామందిలో చూస్తాం. 1930లలోనే ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు దీన్ని గమనించి, ఒంట్లోనే ఏదో పదార్థం నొప్పిని తగ్గిస్తోందని వెతికారు. ఆ వెతుకులాట కార్టిజోన్ దాకా వెళ్ళి 1950లో నోబెల్ వచ్చింది. గర్భంలో టీ-రెగ్ కణాలు, అంటే దాడిని అదుపులో పెట్టే కణాలు పెరగడం కూడా ఒక కారణం. లూపస్ అని, ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే దాడి చేసే ఇంకో జబ్బు ఉంది, దానికి మాత్రం ఈ లెక్క వర్తించదు, అది గర్భంలో ముదరొచ్చు. కాన్పయ్యాక మొదటి నెలల్లో మీ అక్కగారిలాంటి వాళ్ళు రుమటాలజిస్టుని తప్పక కలవాలి. పాలిచ్చే తల్లులకు సరిపడే మందులు ఉన్నాయి, నొప్పి భరించి కూర్చోనక్కర్లేదు.

హోసూరు_రోడ్డు:
ఎన్‌కే కణాలు చంపడం మానేసి కాలువలు తవ్వుతుంటే, క్రిములు వస్తే కాపలా ఎవరు?

ల్యాబ్_కోటు:
నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం అడిగారు. పచ్చిపాలు, సరిగా ఉడకని ఆహారం నుంచి వచ్చే లిస్టీరియా బాక్టీరియా మావి కణాల లోపలే దాక్కుంటుంది. బాక్టీరియాని చంపాలంటే ఆ కణాన్నే చంపాలి, అలా చంపితే మావి పోతుంది. ఈ చిక్కుని ఎన్‌కే కణాలు ఎలా దాటతాయో 2020లో ఒక అమెరికన్ బృందం చూపించింది. అవి అతి సన్నని గొట్టాలు చాచి గ్రాన్యులైసిన్ అనే ప్రొటీన్‌ను మావి కణం లోపలికి పంపుతాయి. లోపలున్న బాక్టీరియా చస్తుంది, కణం బతుకుతుంది. చంపే మిగతా సరంజామా మాత్రం పంపవు.

బిడ్డ తరఫున కూడా కాపలా ఉంది. మావి లోపల హాఫ్‌బాయర్ కణాలని, క్రిములను మింగే బిడ్డ సొంత మాక్రోఫేజులు. కానీ జికా వైరస్ వాటిలోనే చేరి పెరగగలదని 2016లో తేలింది. కాపలావాడి గదిలోనే దొంగ.

మెజెస్టిక్_లాస్ట్_బస్:
నాది ఓ నెగెటివ్, మా ఆయనది పాజిటివ్. రెండో నెల. ఇంత చదివాక భయం వేస్తోంది. తల్లి ఒళ్ళు బిడ్డ రక్తం మీద దాడి చేయడం అంటే ఇదేనా?

కన్సల్టింగ్_రూమ్:
ఇది వేరే దారి, దీనికి పక్కా నివారణ ఉంది. మావి తల్లి ప్రతిరక్షకాల్లో ఐజీజీ రకాన్ని తనే పట్టి బిడ్డకు అందిస్తుంది, ఐజీఎం రకాన్ని పోనివ్వదు. చివరి మూడు నెలల్లో ఆ సరఫరా బాగా ఎక్కువ. నెలలు నిండిన బిడ్డలో ఐజీజీ తల్లి కన్నా ఎక్కువే ఉంటుంది. గర్భిణులకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా ఇచ్చేది అందుకే, తల్లికి వేస్తే బిడ్డకీ చేరుతుంది. ఆర్‌హెచ్ విషయంలో, అంటే నెగెటివ్ తల్లి ఒంట్లో బిడ్డ పాజిటివ్ రక్తానికి ఎదురుగా ప్రతిరక్షకాలు తయారైతే, అదే సరఫరా ఇబ్బంది అవుతుంది. అవి ఉన్నాయో లేదో చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ చేయించుకోండి. నెగెటివ్ వస్తే 28వ వారంలో అవి తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు మళ్ళీ. మధ్యలో రక్తస్రావం అయితే వెంటనే వెళ్ళి మీ బ్లడ్ గ్రూప్ చెప్పండి.

ఎక్సెల్_షీటు:
డాక్టరమ్మా, ఆ గుర్రపువాతానికి ముందే ఏమీ చేయలేమా? మా చెల్లికి మొదటి కాన్పులో బీపీ వచ్చింది.

కన్సల్టింగ్_రూమ్:
చేయగలం. 20 వారాల తర్వాత బీపీ 140/90 దాటితే మేం అప్రమత్తం అవుతాం, కానీ ధమనుల పని అప్పటికే చాలావరకు అయిపోయి ఉంటుంది. అందుకే 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగ్, బీపీ, రక్తపరీక్షలతో ముప్పు అంచనా వేస్తాం. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళకు రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ 36 వారాల దాకా ఇస్తే, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో ఆస్‌ప్రే అనే పెద్ద ట్రయల్‌లో తేలింది. మీ చెల్లి ఈసారి మూడో నెలలోనే డాక్టరుకి పాత కాన్పు సంగతి చెప్పాలి. మాత్ర సొంతంగా మొదలుపెట్టొద్దు.

కోలారు_తాత:
ఒక్క మాత్ర. మా అక్కయ్య పేరు చెప్పుకునేవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే మిగిలాం.

వైట్‌ఫీల్డ్_వంటిల్లు:
అందరికీ దండాలు. డాక్టరమ్మా, ప్యాకేజీ లిస్టు తీసి చూశాను. మీరు చెప్పిన మూడింటిలో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ మాత్రమే ఉంది, పోయినసారి చేసింది, నెగెటివ్ అని రాశారు. మిగతా రెండూ లేవు. పోయిన పిండానికి క్రోమోజోముల టెస్ట్ చేయలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. ల్యాబ్ కోటు తమ్ముడూ, ఆ కిర్ టెస్ట్ చేయించుకుంటే ఉపయోగమా?

ల్యాబ్_కోటు:
అక్కా, ఆ పరిశోధన వేలమందిని కలిపి చూస్తే కనిపించే తేడా. ఒక్క మనిషి రిపోర్టు చూసి ఈ మందు ఇవ్వాలని తేల్చడానికి పనికిరాదు. ఎవరైనా ప్యాకేజీలో అమ్మితే దండం పెట్టి వచ్చేయండి.

కన్సల్టింగ్_రూమ్:
మిగతా రెండు పరీక్షలు, థైరాయిడ్, షుగర్, గర్భాశయం ఆకారానికి త్రీడీ స్కాన్ చేయించుకోండి. ఆ లూపస్ టెస్ట్ రిపోర్టు మీద తేదీ ఉంటుంది చూడండి. అప్పుడు మీరు హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నారా? తీసుకుంటూ ఉంటే ఆ ఫలితాన్ని నమ్మలేం.

వైట్‌ఫీల్డ్_వంటిల్లు:
తీసుకుంటున్నానండీ. పొట్ట మీద రోజూ వేసుకునేదాన్ని. అప్పుడే తీశారు రక్తం.

కన్సల్టింగ్_రూమ్:
అయితే అది లెక్కలోకి రాదు. ఇప్పుడు ఇంజెక్షన్లు లేవు కాబట్టి మూడూ కలిపి మళ్ళీ చేయించండి. గర్భం పోయి కనీసం ఆరు వారాలు దాటి ఉండాలి. రిపోర్టులు వచ్చాక ఇక్కడ పెట్టకుండా మీ దగ్గర్లో ఒక మంచి గైనకాలజిస్టుకి చూపించండి. ఆ డ్రిప్‌కి అడ్వాన్స్ అయితే కట్టొద్దు.